సగం మాటకు ఆగిపోయిన బస్సు

ఎదుటివాడి వాదాన్ని ముందు అతను ఒప్పుకునేలా చెప్పు, ఆ తర్వాతే ఖండించు అని కుర్రతనంలో మా చర్చావేదికలో నేర్పారు. దేవుడున్నాడా లేడా అన్న గొడవల్లో కూడా ఈ నియమం తప్పేవాళ్లం కాదు. గచ్చిబౌలి ఆఫీసుల్లో దేవుడి జోలికి ఎవరూ పోరు గానీ, ఈమెయిల్‌లో అవతలివాళ్ల మాటను మాత్రం నిర్దయగా నరుకుతారు.

మా టీములో ఒకావిడ రోజూ లోకల్ రైల్లో లింగంపల్లి దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఆఫీసు బస్సెక్కేది. నడుముకు ఆపరేషన్ అయింది. బైక్ టాక్సీ ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ బస్సు ఉంచాలా తీసేయాలా అని రవాణా చూసే మేనేజరు అందరికీ మెయిల్ పెడితే, ఆవిడ ఇలా జవాబిచ్చింది: "రైలు రాకముందే వెళ్లిపోతే ఈ బస్సు వల్ల ఉపయోగం లేదు. కాస్త ఆగితే మా అందరికీ ఇదే ఆధారం."

మర్నాడు మేనేజరు అందులోంచి "ఈ బస్సు వల్ల ఉపయోగం లేదు" అన్న ముక్క మాత్రం ఎత్తి పైన పెట్టి, సిబ్బందే ఇలా అంటున్నారు కాబట్టి సోమవారం నుంచి బస్సు రద్దు అని రాశాడు. దాని మీద "నోటెడ్, థాంక్స్"లు వరసగా వచ్చి పడ్డాయి. మావాళ్లకు మెయిల్ చదవడం కంటే అందిందని చెప్పడం ముఖ్యం. వాటిలో ఒకటి ఆవిడదే.

"మీ బస్సు రద్దుకి మీరే థాంక్స్ చెప్పారేంటండీ?" అన్నాను.

ఆవిడ ఫోన్ తీసి చూసుకుంది. "అలవాటులో కొట్టేశానండి. ఇప్పుడెలా రావాలండి నేను?"

నాకు ఒళ్లు మండింది. ఆవిడ రెండు వాక్యాలూ పూర్తిగా ఎత్తి రాసి, వాటి కింద ఒకే ప్రశ్న పెట్టి అందరికీ పంపాను: రెండో వాక్యానికి మీ జవాబేమిటి?

మేనేజరు నా సీటు దగ్గరికే వచ్చాడు. "ఏంది సార్, గింత పరేషాన్ చేస్తున్నరు. అంత పొడుగు మెయిల్ ఎవరు చదువుతరు? జర చిన్నగ చేసిన, అంతే."

"చిన్నది చేయండి. కానీ ఆవిడ చదివితే, అవును, నేనన్నది ఇదే అనాలి. మీరు రాసింది ఆవిడకు చూపించి ఆ మాట అనిపించండి."

నా తెర మీదున్న ఆ రెండు వాక్యాలూ చదివాడు. "ఇంతకీ ఆ రైలు ఎన్నింటికి వస్తది?"

"రైలెక్కేది ఆవిడ. ఆవిడనే అడగండి."

సాయంత్రానికి ఆయన మెయిల్ వచ్చింది. ఆవిడ వాక్యాలు రెండూ ఉన్నాయి, ఒక్కోదాని కింద ఒక్కో జవాబు. మొదటిదానికి నిజమే అని, రెండోదానికి ఇకనుంచి రైలు వచ్చాకే బస్సు కదులుతుందని.

సోమవారం పొద్దున ఆవిడకు ఫోన్ చేశాను. "రైలు వచ్చేదాకా బస్సు ఆగిందా?"

"ఆగిందండి. నిండిపోయింది కూడా. ఎవరో లేచి సీటిచ్చారు, కూర్చున్నాను."