రెండు సంఘాలకు ఒకే చీర

గద్వాలలో మా వీధిలోనే రెండు చర్చిలున్నాయి. మాది పాతది. కొత్తది మాలోంచే విడిపోయింది. పాడేటప్పుడు చప్పట్లు కొట్టాలా వద్దా అన్నదే గొడవ. కొట్టాలన్నవాళ్లు వీధి చివర రేకుల షెడ్డు వేసుకున్నారు. మా అన్నా వదినా వాళ్లతో వెళ్లారు. అప్పటినుంచి పెళ్లిళ్లలో నేనూ వదినా బాగానే మాట్లాడుకునేవాళ్లం గాని, ఆదివారాలు ఎదురుపడితే మాత్రం ఇద్దరికీ కొంగు సర్దుకునే పని పడేది.

ఏటా డిసెంబరులో రెండు సంఘాలూ కలిసి ఐక్య క్రిస్మస్ జరుపుతాయి. ఐక్యత ఎంతంటే, మధ్యలో దారి వదిలి వాళ్లు అటు, మేము ఇటు కూర్చుంటాం. పోయినేడు మా ఆడవాళ్లం పన్నెండు మందిమి ఒకే రకం చీరల్లో పాడాలని రహస్యంగా తీర్మానించుకున్నాం. మేమెవరమో చూడగానే తెలియాలి కదా! నేయించే పని నామీద పెట్టారు. తెలిసిన నేతామె ఇంటికి వెళ్లి చిలకాకుపచ్చ నూలు చీర, ఎర్ర పట్టంచు చెప్పి వచ్చాను.

పండుగనాడు స్కూలు మైదానం దగ్గర మేము ఆటోలు దిగుతుంటే, వెనకే ఇంకో రెండు ఆటోలు ఆగాయి. ముందు వదిన దిగింది. చిలకాకుపచ్చ చీర, ఎర్రంచు. ఆమె వెనక అవే చీరల్లో ఇంకో పదకొండు మంది.

"ఏందే ఇది? మా చీర నువ్వెట్ల కట్టినవ్?" అంది వదిన.

"మీ చీరనా? ఆ రంగు చెప్పిందే నేను!"

ఏ చర్చికీ వెళ్లని నేతామె కూడా సభకు వచ్చింది. నేనూ పిలిచాను, వదినా పిలిచిందట. ఇద్దరం ఆమె మీద పడ్డాం. పాపం, పరేషాన్ అయిపోయింది.

వదినను చూపించి, "ఈ అక్క మగ్గం మీదున్నది చూసి, చర్చిల పాడేతందుకు గిట్లనే పన్నెండు గావాలన్నది. మీరంత ఒక్కటే అనుకున్న. ముందు చెప్పినయి సాల్లేవేమో అనుకున్న" అంది.

నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ప్రసంగీకుడికి మా సంగతి తెలియదు. వేదిక మీంచి చూసి ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఐక్యత గురించి శాన ఊర్లల్ల చెప్పిన. చీరల దాంక వచ్చిన ఐక్యత ఈడనే చూస్తున్న. ఇరవై నలుగురు అక్కలు వచ్చి ఒక్క పాట పాడుండ్రి!"

ఇరవై నలుగురమూ వేదికెక్కాం. పాట ఒకటే గాని, మాది నడక, వాళ్లది పరుగు. వాళ్లు రెండో చరణంలో ఉంటే మేమింకా పల్లవి దగ్గరే ఉన్నాం. వదిన చప్పట్లు మొదలుపెట్టింది. నేను చేతులు కట్టుకున్నాను. ఇంతలో మా పక్క పెద్దావిడ, అప్పట్లో చప్పట్లు వద్దని అందరికంటే గట్టిగా కొట్లాడినావిడ, తాళం పోతోందని తానే చప్పట్లందుకుంది. ఆమెను ఆపేదెవరు? చివరికి అందరం ఒక్కచోటే ఆగాం. ఎలా ఆగామో ఇప్పటికీ తెలియదు.

భోజనాల దగ్గర నేతామె మా ఇద్దరి మధ్య కూర్చుంది. "ఏసయ్య అందర్ని రమ్మన్నడని ఆయన చెప్పిండు గదా. మాసొంటోళ్లు రావాలంటే మీ ఇద్దరిల ఎవర్నడగాలె?" అంది.

"మా దాంట్లకు రా!" ఇద్దరం ఒకేసారి అన్నాం.

"జర అన్నమన్న తిననీయుండ్రి" అంది.

వెనక నిల్చున్న ప్రసంగీకుడు విన్నాడు. "ఎవర్నీ అడిగేది లేదమ్మా. పిలిచింది వీళ్లు గాదు, ఆయన" అన్నాడు. చెప్పింది ఆమెకే గాని తగిలింది మాకు. కాసేపటికి వదిన నన్నడక్కుండానే నా విస్తట్లో పెరుగు వేసింది.

తర్వాతి ఆదివారం నేతామె పొద్దున మా చర్చిలో, పదకొండింటికి వాళ్ల షెడ్డులో కూర్చుంది. వారమంతా మగ్గం మీద ఒళ్లు హూనమైన మనిషి, రెండుచోట్లా హాయిగా కునుకు తీసింది. మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది.

"మీ తాన ఎంతసేపు పండుకున్నదే?"

"అర్ధగంట."

"మా తాన పావుగంటనే!" అంది వదిన, గెలిచినట్టు.