కూతకు ముందు గుక్కెడు నీళ్లు

మా ఇంటి ఆడవాళ్లు ప్రయాణమైన రోజు నీళ్లు తాగేవారు కాదు. గురజాలలో పెళ్లికి వెళ్లినా, మాచర్లలో చుట్టాలింటికి వెళ్లినా, గడప దాటింది మొదలు తిరిగి వచ్చేదాకా నాయనమ్మ గొంతు తడుపుకునేది కాదు. నిటారుగా కూర్చునేది. గట్టిగా నవ్వేది కాదు. దగ్గు వస్తే పెదవులు బిగించేది. జనం దాన్ని పెద్దరికం అన్నారు. నేనూ అదే అనుకున్నాను, అదే నేర్చుకున్నాను.

పెద్దరికం నిలిచింది గానీ పొలాలు నిలవలేదు. సగం ఎన్నికల్లో పోయాయి, సగం కోర్టు వాయిదాల్లో. మిగిలింది నాయనమ్మ టేకు కుర్చీ. అది ఇప్పుడు నరసరావుపేటలో, కిరాణా కొట్టు పైనున్న నా ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఉంది. ఆటల్లో తగిలిన దెబ్బలు చూస్తాను. కాన్పుల తర్వాత ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బందులూ చూస్తాను.

"అంత ఇంటి పిల్ల, ఊళ్లోవాళ్ల కాళ్లు పిసుకుతోందంట" అని ఒక పెళ్లిలో మా మేనత్త నాకు వినపడేలాగే అంది.

"అవునత్తా, నీ మోకాలు కూడా పట్టుకురా" అన్నాను. మరుసటి వారమే వచ్చింది.

ఒకరోజు వినుకొండ వైపు నుంచి ఒక తల్లి, కబడ్డీ ఆడే కూతుర్ని తీసుకొచ్చింది. పిక్కలు పట్టేసి ఆ పిల్ల ఆట మధ్యలో రెండుసార్లు పడిపోయింది. మూడు నెలల్లో జిల్లా జట్టు ఎంపిక. ఈసారీ పడిపోతే ఆశ వదులుకోవాల్సిందేనని పీఈటీ సారు తేల్చి చెప్పారట.

పిక్కలు చూశాను. ఇనుములా ఉన్నాయి.

"పొద్దుటి నుంచి నీళ్లు ఎన్ని తాగావమ్మా?"

పిల్ల నేల చూసింది. తల్లే అందుకుంది. "ఏం తాగుద్దమ్మా! ఆట ఉన్న రోజు చెంబు ముట్టదు. ఏందే అంటే కడుపు బరువంటది. ఒంటెగా పుట్టాల్సింది నా కడుపున పుట్టింది."

నాయనమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది ఆ పిల్ల. దగ్గు వచ్చింది. పెదవులు బిగించింది. ఆ బిగింపు నాకు తెలుసు.

తల్లిని టీకి పంపి, తలుపు వేసి అడిగాను. "దూకినప్పుడు బట్టలు తడుస్తున్నాయా?"

తలుపు గడియ పడిందో లేదో చూసుకుంది. తర్వాత, "మా అమ్మకి చెప్పమాకండి మేడం. పిల్లల్ని కన్నోళ్లకి గదా అట్టా అయ్యేది? నాకేంది ఈ కర్మ?"

కర్మ కాదని చెప్పాను. ఎగిరి దూకే ఆడపిల్లలకూ ఇది వస్తుంది. తొడలు ఎంత గట్టివైనా, మూత్రసంచిని కింది నుంచి మోసే కండరాలకు పని నేర్పకపోతే దూకిన అదురును అవి తట్టుకోలేవు. నేర్పితే చాలావరకు తట్టుకుంటాయి. ఈ మాటలు చెబుతుంటే నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పట్టు పడగానే ఈ పిల్ల బలమంతా పొట్టలోంచి కిందికి తోసేది. దాన్ని మార్చాలి. కింది కండరాలను పైకి లాగి, ఆ తర్వాతే కూత ఎత్తాలి. ముందు పడుకుని, తర్వాత నిలబడి, తర్వాత గెంతుతూ చేయించాను. నీళ్లు గుక్క గుక్కగా అలవాటు చేశాను. రెండో నెలకు క్లినిక్ అంతా "కబడ్డీ కబడ్డీ" అని మోగింది.

"ఏమే, పైన ఆస్పత్రా, ఆటస్థలమా?" కింది కొట్టు పెద్దమ్మ అరిచింది.

"రెండూ పెద్దమ్మా!"

ఎంపిక రోజు నేనూ వెళ్లాను. ఎండలో గీత పక్కన నాకు కుర్చీ వేశారు. పిల్ల నా వైపు చూసి, సీసా మూత తీసి, అందరి ముందూ గటగటా తాగింది. కూతకు వెళ్లింది. ఇద్దరు నడుం పట్టుకుని లాగారు. కూత తెగలేదు. పాక్కుంటూ వచ్చి చెయ్యి చాపి గీత ముట్టింది. లేవగానే ముందు తన నిక్కరు చూసుకుంది. తర్వాత నన్ను చూసి పగలబడి నవ్వింది.

సాయంత్రం జాబితా చదివారు. పేరు ఉంది.

"ఈ ఒంటెకి నీళ్లు తాపింది మా మేడమే!" తల్లి కనపడిన వాళ్లందరికీ చెబుతోంది. "మీ పెదాలు ఎండిపోయినయ్యేంది మేడం? పొద్దుటి నుంచి చుక్క ముట్టలేదు గదా మీరు!"

నిజమే. గడప దాటాక ఒక్క గుక్క తాగలేదు. ఇన్నేళ్లుగా ప్రయాణం రోజున నేనూ తాగడం లేదని అప్పుడే తెలిసింది. పిల్ల సీసా అందించింది. నలుగురిలో, ఎండలో, వెన్ను వంచకుండా, అడుగుదాకా తాగాను.