ఐలవ్వ గిర్నిలో అడిగిన ప్రశ్న

మా ఐలవ్వ వదిన గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల వెనక పిండిగిర్ని నడిపేది. మా అన్న పోయాక ఆ మిషను పని మొత్తం తానే నేర్చుకుంది. నేను ఊరి బడిలో ఐదో తరగతి చదివి, బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్ దాకా ఎదిగి, సభలో శాలువా కప్పించుకున్నవాణ్ని. ఎందరో ఆఫీసర్లను చూశాను. 1993లో వచ్చిన లింగమూర్తి సారంత బుద్ధిలేని చదువుకున్నవాణ్ని మాత్రం చూడలేదు.

మొగుళ్లు తాగొచ్చి కొడుతున్నారా అని ఇంటింటా అడిగే సర్వే ఆయనది. మగవాళ్లు పనికి పోయి ఉంటారని పట్టపగలు వచ్చాడు. రాత్రి షిఫ్టు చేసినవాళ్లు పగలు ఇంట్లోనే పడుకుంటారని ఆ పట్నం బుర్రకు తట్టలేదు. మా పక్కింటి పూలమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని, పిల్లలతో ఎక్కాలు చెప్పించినట్టు గట్టిగా అడిగాడు.

“మీ ఆయన కొడతాడా?”

పూలమ్మ చెంప మీద వాపు ఇంకా తగ్గలేదు. లోపల మంచం మీద మొగుడు సదయ్య ముసుగుతన్ని ఉన్నాడు. ఆమె కొంగు చెంప మీదికి లాక్కుంది.

నల్లా దగ్గరి నుంచి వదిన బిందె దించి వచ్చింది.

“సారూ, గా మంచంల ఉన్నది ఎవరనుకున్నవ్, గోనెసంచా?”

“మేం పేర్లు బయటపెట్టమమ్మా. అంతా రహస్యమే.”

“నువ్వు చెప్పవు, సరే. ఆయనకు చెవుల్లేవా? నువ్వు బస్సెక్కి పోతవ్. గీ పిల్ల గీడనే బతకాలె.”

ముసుగు కదిలింది. “ఏం అడుగుతుండు?” అన్నాడు సదయ్య.

“నల్లా నీళ్లు సక్కగ వస్తున్నయా అని. పండుకో తమ్మీ.”

తర్వాత సారును సందు చివరికి తీసుకుపోయి చెప్పింది. “ఒక ఆడపిల్లను నా గిర్నికి తోలు. నువ్వు మాత్రం రాకు.”

మర్నాడు సారు పంపిన సర్వే పిల్ల వచ్చింది. జొన్నలు పట్టించుకునే వంకతో పూలమ్మతో సహా ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె పక్కన కూర్చున్నారు. గిర్ని మోతలో ఒకరి నోరు, ఒకరి చెవి. గుమ్మంలో కూర్చున్న నాకే ఒక్క ముక్క వినపడలేదు. మిగతా క్వార్టర్ల వరుసల్లో సారు తన పద్ధతిలోనే అడిగి, అక్కడ భార్యను కొట్టేవాడు ఒక్కడూ లేడని తేల్చుకుపోయాడు. అదీ ఆయన చదువు.

సాయంత్రం డ్యూటీకి పోతూ సదయ్య గిర్ని ముందు సైకిల్ ఆపాడు.

“అక్కా, మా ఇంటిది గా పిల్లకు ఏం చెప్పింది?”

“గీ చప్పుడుల నాకేం ఇనొస్తది?”

“నీకు తెల్వకుంటదా?”

వదిన గిర్ని బంద్ చేసింది. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా అతని వైపు తిరిగారు.

“ఇగో, చప్పుడు ఆగింది. ఆమె చెప్పేటంత పని నువ్వేం చేసినవో నువ్వే చెప్పు. అందరం ఇంటం.”

సదయ్య ఆ ఆడవాళ్ల ముఖాలు చూశాడు. సైకిలెక్కి గని వైపు పోయాడు.