పిట్టలెందుకు ఆగినై?

అప్పుడు నేను అచ్చంపేటలో డిగ్రీ చదువుతున్నాను. మా పెద్దబాపు అడవి గురించి పత్రికలకు వ్యాసాలు రాసేవారు. షుగర్ వల్ల చూపు పోయాక ఆయన చెబుతుంటే నేను రాసిపెట్టేదాన్ని. అడవి అంచుకు తీసుకెళ్తేనే ఆయనకు మాటలు వచ్చేవి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వాగు ఒడ్డున మద్దిచెట్టు కింద కూర్చున్నాం. ఎండిన వాగులో ఆకులు దొర్లే చప్పుడు గురించి చెబుతూ చెబుతూ ఆయన ఆగిపోయారు.

"బిడ్డా, పిట్టలెందుకు ఆగినై?"

నిజమే. అంతసేపూ గోల చేసిన పిట్టల్లో ఒక్కటీ పలకడం లేదు.

"నీకేమన్న కనబడ్తాందా?"

"ఏం లేదు పెద్దబాపూ. పొదలే."

"గా పొదల్ల ఏదో ఊపిరి తీస్తాంది. ఉరకకు. నా చెయ్యి పట్టుకొని ఎన్కకు నడువు."

ఎంత చూసినా ఎండ, ఎండుగడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పొదల మీంచి చూపు తిప్పకుండా, ఆయన్ని పట్టుకుని బాట దాకా వెనక్కి నడిచాను. నోట్‌బుక్ అక్కడే ఉండిపోయింది.

మర్నాడు ఫారెస్టు వాచర్ దాన్ని తెచ్చిచ్చాడు.

"అమ్మా, మీరు కూసున్న జాగలనే పులి పండుకున్నది. అడుగులు సాఫ్ కనబడుతున్నయ్" అన్నాడు.

ఆ వారమే పెద్దబాపు ఆ మధ్యాహ్నం గురించి వ్యాసం చెప్పారు. పులి మాట మాత్రం ఎత్తలేదు. "గది మనకు కనబడలే గదా, రాయకు" అన్నారు. అచ్చయ్యాక, ఆ నిశ్శబ్దం మనసుకెంత హాయిగా ఉందో చెబుతూ చాలామంది ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తింది నేనే. అందరికీ "థ్యాంక్సండీ" అని చెప్పాను.

పెరట్లో పిట్టలు ఒక్కసారిగా ఆగితే ఇప్పటికీ లేచి తలుపు వేసుకుంటాను.