తిరగేయని చీర

యంత్రానికి కడుపులో మాట దాచుకోవడం రాదని నాకు మా నాయిన వల్ల తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

తొంభైలలో నేను గద్వాలలో ఒక చేనేత సంఘానికి ప్రోగ్రాములు రాసేదాన్ని. నేసి తెచ్చిన చీర మొదటి రకమా, రెండో రకమా అన్నది కంప్యూటరే చెప్పాలని పెద్దల పట్టుదల. గద్వాలలో పాత కంప్యూటరు, వనపర్తి శాఖలో కొత్తది. రెండింటి ప్రోగ్రాములూ వేర్వేరు భాషల్లో ఉండేవి. దాంతో ఒకే చీరకు ఇక్కడ ఒక జవాబు, అక్కడ ఇంకో జవాబు. రోజూ గొడవలే. విసిగిపోయి నియమాలన్నింటినీ ప్రోగ్రాముల్లోంచి బయటికి తీసి ఒకే ఫైలులో పెట్టాం. దాన్ని చదివి తీర్పు చెప్పే ఇంజన్‌ను గద్వాలకు నేను, వనపర్తికి అక్కడి ప్రోగ్రామరు రాశాం. ఏ నియమం ప్రకారం ఆ తీర్పు చెప్పిందో కూడా అది చెప్పేది. అది చూసుకుని తెగ మురిసిపోయాను.

నియమాలు చెప్పింది చీరలు పరీక్షించే పెద్దాయన. మాకు వరసకు మామ. గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. బూడిద అద్దిన వేళ్లతో పోగుకు పోగు మెలిపెట్టి రెండింటినీ అతకాలి. అతుకులో లోపముంటే వెనకవైపే బయటపడుతుంది. అందుకని ప్రతి చీరనూ తిరగేసి చూడాలన్నాడు. ఆ మాట చెప్పి గొంతు తగ్గించాడు.

"కండ్లు సరిగ కానరాని ముసలోళ్లది మాత్రం తిరగేయం బిడ్డా. ముందట చూసి మొదటి రకం రాస్తం. గది కూడ ఎక్కియ్యి. లేకుంటె నీ మిషన్ ఆళ్ల నోటికాడి బువ్వ గుంజుకుంటది."

వాళ్ల పేర్లతో సహా ఎక్కించాను. ఆ ముసలివాళ్లలో మా నాయిన ఒకడు.

గద్వాలలో కారణం తెర మీద మాత్రమే కనిపించేది. మామ చూసి ఊరుకునేవాడు. వనపర్తిలో దాన్ని చీటీ మీద అచ్చువేసేలా రాశారు. నియమం ఒకటైతే చాలనుకున్నాం తప్ప, కారణం ఎవరి చెవిన పడుతుందో ఎవరమూ ఆలోచించలేదు. ఏడ్చినట్టే ఉంది మా తెలివి.

పెండ్లిళ్ల కాలంలో నాయిన తన చీరను నేరుగా వనపర్తికి తీసుకెళ్లాడు. అక్కడ చీరలు తీసుకుని చీటీలిచ్చే అమ్మాయి కొత్తది. పాపం, చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించింది.

"మొదటి రకమే తాతా. కండ్లు కానరానోళ్లది, తిరగేయొద్దని ఉంది."

బస్సు దిగి ఇంటికి రాగానే నాయిన నన్ను ఒకటే అడిగాడు.

"ఎన్నేండ్ల సంది నా చీర తిరగేస్తలేరు?"

"తెల్వదు నాయినా."

నిజంగానే తెలియదు. మామ మీద, ఆ అమ్మాయి మీద, వనపర్తి ప్రోగ్రామరు మీద, అందరి మీదా నాకు మండిపోయింది. తన అతుకు లాంటి అతుకు ఊళ్లో లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునే మనిషి, అన్నం ముందు కూర్చుని తన వేళ్లను చూసుకుంటుంటే ఏడుపొచ్చింది.

తనకు ఆ మినహాయింపు తీసేయమని పట్టుబట్టాడు. ఒక్క ఫైలులో తీస్తే రెండు ఊళ్లలోనూ పోయేలా కట్టుకున్నది మేమే. తీసేశాను. నాయిన మగ్గం మీదున్న చీర పూర్తిచేసి సంఘానికి తెచ్చి, తానే వెనకవైపు పైకి పెట్టి మామ ముందు పరిచాడు.

"చూడు బామ్మర్ది. అందరిది చూసినట్టె చూడు."

"ఎందుకు బావా గిప్పుడు?"

"చూడమంటున్న గద."

అతుకు దగ్గర పోగులు జారి, అక్కడక్కడా సందులు పడ్డాయి. మామ వాటిని వేలితో తడిమాడు కానీ కీబోర్డు వైపు తిరగలేకపోయాడు.

"నువ్వు కొట్టు బిడ్డా," అన్నాడు నాయిన.

కనిపించిందంతా కొట్టాను. జవాబు నాయిన ఎదురుగానే తెర మీద వచ్చింది. ఆయనకు అది చదవడానికి చూపు లేదు.

"ఏమొచ్చింది?"

మామ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు.

"రెండో రకం, నాయినా."

"ఆఁ. గిది నా చీర," అన్నాడు.

ఆ తర్వాత ఆయన మగ్గం గుంతలోకి దిగలేదు.