నువ్వులు చెమర్చేదాకా

నా చిన్నప్పుడు మనిషిని బెల్లంతో తూచడం చూశాను. తూగినవాడు మా అన్నయ్య, తూచినవాడు మా నాన్న.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో మా నాన్న కాటా వేసేవాడు. మూడు దుంగలు నిలబెట్టి, వాటి నడుమ ఇనప దండె వేలాడదీసి, దానికి రెండు పక్కలా గొలుసులతో చెక్కపలకలు కట్టేవారు. ఒక పలక మీద బెల్లం దిమ్మలు, రెండో దాని మీద ఇనప రాళ్ళు. అప్పట్లో కిలోలు లేవు, మణుగులూ వీశెలే; వీశె అంటే ఇప్పటి కిలోన్నరకి కాస్త తక్కువ. శనివారం సాయంత్రం బేరాలు ముగిశాక అన్నయ్య చొక్కా విప్పి పలక మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. ఇనప రాళ్ళతో మనిషిని తూస్తే అరిష్టమని షావుకారు ఒప్పుకునేవాడు కాదు. అందుకని నాన్న కావలసిన బరువుకి సరిపడా దిమ్మలు ముందుగా తూచి ఉంచుకుని, వాటిని అన్నయ్యకి ఎదురుగా పేర్చేవాడు. దండె ఊగి ఊగి నిలిచేది. బెల్లం కిందికి, అన్నయ్య పైకి.

“ఏటల్లుడా, మా బెల్లమే నీకన్నా బలిసినాదిరా!” అని మూటలు మోసేవాళ్ళు నవ్వేవారు. అన్నయ్య కూడా నవ్వేవాడు గానీ చెవులు ఎర్రబడేవి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎదిగిన మగవాడు నాలుగు బెల్లం దిమ్మలకి తేలిపోతాడని నేననుకోలేదు. నోరు తెరిచి అలాగే చూస్తుండిపోయాను.

ఆ తూకం వేడుకకి కాదు. అన్నయ్య మిలట్రీలో చేరదామని విశాఖపట్నం వెళ్ళాడు. పరుగులో అందరికన్నా ముందున్నాడట. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది, బరువు దగ్గర రెండు వీశెలు తక్కువని పక్కకి నిలబెట్టారు. నలభై రోజుల్లో మళ్ళీ మనుషుల్ని తీసుకుంటారని, అది కూడా దాటితే వయసు మీరిపోతుందని చెప్పి పంపారు. దిమ్మలు ఎత్తీ ఎత్తీ నాన్నకి అప్పటికే కుడి భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది. మిలట్రీ లేకపోతే అన్నయ్య కూడా ఆ పలకల దగ్గరికే రావాలి. అది మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అమ్మ మాత్రం పొయ్యి ముందు కూర్చుని కళ్ళొత్తుకుంటూనే ఉండేది.

పక్కింటి అత్త వచ్చింది అప్పుడే. చుట్టరికానికి అత్త కాదు, మా చర్చి మనిషి. భర్త పోయాక ఆసుపత్రిలో రోగులకి వంట చేసి బతికేది. అబద్ధమంటే ఆమెకి గిట్టదు. ఒకసారి కొట్లో నువ్వులు ఎక్కువ కొలిచారని ఇంటికొచ్చాక తెలిసి, మిట్టమధ్యాహ్నం ఎండలో మళ్ళీ నడిచి వెళ్ళి తిరిగిచ్చి వచ్చిన మనిషి. మా వీధిలో పిల్లలందరికీ ఆమె అంటే జడుపు.

“ఏడిత్తే కండ పడతాదేటి వదినా? లే. నువ్వులున్నాయా ఇంట్లో?”

“శేరుంటాయి.”

“బెల్లం?”

అమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. “కాటా వేసేవోడి ఇంటికొచ్చి బెల్లముందా అనడుగుతావేటి వదినా!”

నువ్వులూ బెల్లం కలిపి దంచే చిమ్మిలి మా వైపు ఎవరింట్లోనైనా చేస్తారు. అత్త చిమ్మిలి వేరు. జ్వరపడి లేచిన రోగులకి ఆసుపత్రిలో ఏం పెడితే ఓపిక వస్తుందో చూసిన మనిషి కదా, అందులో ఎండు ఖర్జూరం, వేయించిన వేరుశనగ గుళ్ళు, కొండ పక్క జీడితోటలున్న తన చుట్టాలు పంపిన జీడిపప్పు ముక్కలు చేర్చేది. ముక్కలే, గుండు పప్పు కాదు. రోట్లో పడ్డాక గుండు ఏమిటి, ముక్క ఏమిటి అనేది. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

ఖర్జూరం గింజ తీసి, గలగలమనేదాకా ఎండబెట్టి, ముందు దాన్ని దంచాలి. నువ్వులు నూనె లేకుండా సన్నటి సెగ మీద వేయించి, చిటపటమనగానే దించాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే చేదెక్కుతాయి. వేరుశనగ గుళ్ళు వేయించి, పొట్టు నలిపి, చేటలో చెరగాలి. చివరికి బెల్లం. నెయ్యి లేదు, పాకం లేదు, నీటిచుక్క తగలకూడదు.

ఇప్పుడు మా మనవరాలు స్కూల్లో కబడ్డీ ఆడుతుంది. ఆటల మాస్టారు బలానికి తినమన్నారని హైవే మీది కొట్లో మెరిసే కాగితం చుట్టిన ముక్కలు కొనుక్కొచ్చింది. చింపి చూస్తే లోపల ఖర్జూరం, వేరుశనగ, నువ్వులే. కాగితమే పెద్దది, ముక్క చిన్నది. ఇంట్లో చెయ్యమన్నాను. మిక్సీలో చేసింది. బాగానే వచ్చింది, నేను వంక పెట్టను. కానీ మిక్సీ మూత పెట్టేసి ఉంటుంది. నేను చూసింది దానికి కనపడదు.

ఆ మొదటి రోజు అత్త కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని రోకలి ఎత్తింది. నేను రోటి పక్కన గొంతుక్కూర్చున్నాను. మొదట అంతా పొడే. పోటు పడినప్పుడల్లా లేచి నా ముక్కులోకి వచ్చేది. చాలాసేపు అలాగే ఉంది. అత్త ఊపిరి ఎగబోస్తోంది, జాకెట్టు వీపున తడిసిపోయింది. ఇది ముద్ద కాదులే అనుకున్నాను. పొడిని పట్టుకుని ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు? అప్పుడు, నేను చూస్తూ ఉండగానే, రోటి అంచు మెరిసింది. మరో పది పోట్లకి పొడి నల్లబడింది. ఇంకో పదికి దానంతట అదే రోటి గోడ వదిలి నడిమికి వచ్చి ఒక్క ముద్దై కూర్చుంది.

“సూడే బొట్టె, నువ్వులకి సెమట పట్టింది,” అంది అత్త. ముద్దలోంచి కొంచెం తీసి గుప్పిట్లో నొక్కి తెరిచింది. ఉండ. ఆమె అరచెయ్యి తళతళలాడుతోంది. రోటి పక్కన ఆమె తాగడానికి పెట్టుకున్న నీళ్ళ చెంబు ఉంది. నా చిన్న బుర్రకి ఆ మెరుపూ ఆ చెంబూ ఒకటిగా తోచాయి. చెయ్యి తడి చేసుకుందనే అనుకున్నాను. అడగలేదు.

రోజుకి రెండు ఉండలు. తెల్లవారి శారదా నది గట్టు మీద పరుగు తీసి వచ్చాక ఒకటి, పొద్దుగూకే వేళ ఒకటి. ఒకటి తిన్నాక అరచేతికి అంటిన జిడ్డు కూడా అన్నయ్య నాకేవాడు. మూడు శనివారాలు గడిచేసరికి పలక కొంచెం కిందికి దిగింది. వీశె పెరిగాడని నాన్న అన్నాడు. మూటలవాళ్ళు ఈసారి వేళాకోళం చెయ్యలేదు, దగ్గరికొచ్చి దండె వంక చూశారు.

ఆ వారమే అత్త చెల్లెలికి పురుడని ఎలమంచిలి నుంచి కబురొచ్చింది. అత్త అన్నీ వేయించి, మూట కట్టి, ఉండలు పెట్టుకోవడానికి ఒక జాడీతో సహా నా చేతికిచ్చింది. “మీ అమ్మ సేత దంచించు. నువ్వులకి సెమట పట్టేదాకా ఆపొద్దని సెప్పు. వారంలో వత్తాను,” అని రైలెక్కింది.

అమ్మ చెరుకు తోటలో కలుపుకి వెళ్ళింది. వచ్చేసరికి నేనే చేసి చూపిద్దామనిపించింది. రోకలి నాకన్నా పొడుగు. దంచాను, దంచాను, అరచేతులు పొక్కిపోయాయి. పొడి పొడిగానే ఉంది. గుప్పిట నొక్కితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. అప్పుడు అత్త అరచెయ్యి గుర్తొచ్చింది, చెంబు గుర్తొచ్చింది. రోట్లో రెండు దోసెళ్ళ నీళ్ళు పోశాను.

ఎంత చక్కగా వచ్చాయనుకున్నారు! నున్నగా, గుండ్రంగా, అత్త చేసినవాటికన్నా అందంగా. అమ్మ వచ్చి చూసి “నా తల్లే, ఎంత బాగా సేసేవే!” అని నా చేతులు పట్టుకుంది. నీళ్ళ మాట అడగలేదు, నేను చెప్పలేదు.

మూడో నాటికి జాడీ మూత తీస్తే పులిసిన వాసన. అన్నయ్య ఖర్జూరం వాసన అనుకున్నాడో, రోజుకి రెండు తినాలన్న మాట తప్పకూడదనుకున్నాడో, తినేశాడు. ఆ రాత్రి నుంచి కడుపు పట్టు తప్పింది. మూడు రోజులు మంచం మీదా, ఊరవతల గట్టు మీదా గడిపాడు. శనివారం నాన్న అన్నయ్య జబ్బ పట్టుకుని నడిపించి తెచ్చి పలక మీద కూర్చోబెట్టాడు. దండె నిలవకముందే అందరికీ తెలిసిపోయింది. మూడు వారాల కండా మూడు రోజుల్లో పోయింది. ఇంక పన్నెండు రోజులే ఉంది.

ఎలమంచిలి నుంచి వచ్చిన అత్త అప్పుడే మార్కెట్టుకి వచ్చింది. ముందు మా ఇంటికెళ్ళి జాడీ చూసి వచ్చిందని తర్వాత తెలిసింది.

“ఎవులు సేసేరది?” అన్నాడు నాన్న. గొంతు పెద్దది చెయ్యలేదు. అలా అన్నప్పుడే ఆయనంటే మరీ భయం.

నేను కాటా దుంగ వెనక ఉన్నాను. పొక్కిన అరచేతులు లంగాలో దాచుకున్నాను. అత్త ఒక్కసారి నా వంక చూసింది. చూపు నా చేతుల దగ్గర ఆగింది.

“నాదే తప్పన్నయ్యా,” అంది. “ఎల్లే తొందర్లో జాడీ కడిగి తుడవకుండా ఇచ్చేసేను. తడి తగిలింది.”

నాన్న అందరి ముందూ అన్నాడు: “నమ్మి నీ సేతిలో ఎట్టేనమ్మా. నా కొడుకు బతుకు బుగ్గి సేసేవు. ఇంక నీ ఇంటి తిండి మా గుమ్మం తొక్కడానికి లేదు.”

అత్త తల దించుకుంది. నువ్వులు ఎక్కువ కొలిచారని ఎండలో నడిచి వెళ్ళిన మనిషి! నేను దుంగ చాటుకి ఇంకా జరిగాను. ఆ జాడీని అత్త నా ఎదురుగానే బొగ్గుల సెగ మీద బోర్లించి ఆరబెట్టి ఇచ్చింది. అది నాకు తెలుసు, ఆమెకి తెలుసు.

మర్నాడు చర్చి అయ్యాక అత్త నన్ను తన ఇంటికి తీసుకెళ్ళింది. అమ్మే పంపింది, నాన్నకి చెప్పకుండా. రోట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దెబ్బలు పడతాయనుకున్నాను. అత్త నా చేతికి రోకలిచ్చి, నా చేతుల మీద తన చేతులు వేసింది.

“అత్తా, నీళ్ళు నేనే…”

“నానడిగేనా? దంచు.”

దంచాం. నా పొక్కుల మీద ఆమె అరచేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. నేను ఏడుస్తున్నాను, రోకలి ఆగలేదు. ఇంక రాదు అనిపించిన చోట ఆమె ఆపలేదు. ఇంక నావల్ల కాదు అన్న చోట కూడా ఆపలేదు. “ఇక్కడే అందరూ ఆపేత్తారు,” అంది. ఆ తర్వాత ఇంకో యాభై పోట్లు పడి ఉంటాయి. రోటి అంచు మెరిసింది. పక్కన ఈసారి చెంబు లేదు. నేను వేలితో ఆ తడిని తాకి వాసన చూశాను. నూనె. నువ్వుల లోపలే దాక్కుని ఉన్న నూనె, ఎవరూ పొయ్యనిది. ఆ మెరుపు చూసి నా ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు.

ఆ ఉండలు అమ్మ చేసినవని చెప్పి అన్నయ్యకి పెట్టాం. కడుపు కుదుటపడగానే తిండి వంటికి పట్టింది. విశాఖపట్నం వెళ్ళే ముందు రోజు నాన్న ఆఖరి తూకం వేశాడు. అన్నయ్య కూర్చున్నాడు. దండె ఊగింది, ఊగింది. బెల్లం దిమ్మలు నెమ్మదిగా నేల విడిచి పైకి లేచాయి. మార్కెట్టంతా తలలెత్తి ఆ బెల్లం వంకే చూసింది. నాన్న గొలుసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వారం తిరక్కుండా అన్నయ్య మిలట్రీలో చేరాడని ఉత్తరం వచ్చింది.

నాన్న ఆ తర్వాత అత్తతో మాట్లాడాడు, కానీ మునుపటిలా కాదు. ఆమె పోయేదాకా ఆ కొంచెం తేడా ఉండిపోయింది. ఆమె ఏ రోజూ నాకు దాన్ని గుర్తు చెయ్యలేదు.

నేను గట్టి మనిషినని ఇంట్లో అందరూ అంటారు. నిజమే. సగంలో వదిలిన పని కనపడితే ఊరుకోను. “ఇక్కడే అందరూ ఆపేత్తారు” అన్న మాట నా చెవిలో ఉంది, కోడళ్ళ చెవిలో కూడా వేశాను. అది ఆ రోజు నుంచి నేను మోసుకొచ్చిన మంచి. మోసుకొచ్చింది ఇంకొకటి కూడా ఉంది.

అన్నయ్య ఉద్యోగం ముగించుకుని ఇప్పుడు సబ్బవరంలో ఉంటున్నాడు. వచ్చినప్పుడల్లా పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చిమ్మిలి కథ చెబుతాడు. “ఆ అత్త దేవతరా, కానీ ఒకసారి జాడీ తుడవక నన్ను మూడ్రోజులు గట్టున కూకోబెట్టేసింది!” అంటాడు. పిల్లలు పడిపడి నవ్వుతారు. యాభై ఏళ్ళుగా నేను కూడా వాళ్ళతో నవ్వుతున్నాను. మొన్న సెల్‌ఫోన్లో మనవరాలికి మళ్ళీ చెప్పాడు. అది నవ్వుతుంటే నాకు ఆ రోజు మార్కెట్లో అత్త దించుకున్న తల కనిపించింది.

అన్నయ్యా, జాడీ పొడిగానే ఉంది. నీళ్ళు పోసింది నేను. ఈసారి పిల్లలకి చెప్పేటప్పుడు సరిగ్గా చెప్పు.