పెరటి గుమ్మంలో గంజి బేసిను

ఇక్కడ బెంగాలీవాళ్ల మధ్య, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో, మా వీధిలో పిల్లలు ఆడుకోవడానికి చోటుండదు. డాక్‌కి వెళ్లే లారీలు గుమ్మాలు రాసుకుంటూ పోతాయి. అందుకే సెలవులిస్తే చాలు, మా శ్రీకాకుళం వాళ్లందరం పిల్లల్ని రైలెక్కించి ఊరికి పంపేస్తాం. ఊళ్లో భద్రంగా ఉంటారట. ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

రెండేళ్ల క్రితం అమ్మ వచ్చి నాలుగేళ్ల నా కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడ అన్నం ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే. గంజి వార్చిన బేసినుని పెరటి గుమ్మంలో నేల మీద పెడతారు, చల్లారాక గేదె కుడితిలో కలపడానికి. పిల్లలు పెరట్లోకి పరిగెత్తే దారి కూడా అదే. మా అమ్మమ్మ అక్కడే పెట్టేది, అమ్మా అక్కడే పెడుతుంది. దాన్ని జరపాలని ఇన్నేళ్లలో ఒక్కరికీ తోచలేదు.

నా కూతురు కోడిపిల్ల వెంటపడి ఆ బేసినులో పడింది. కుడి చెయ్యి మోచేతి పైదాకా మునిగింది.

ఫోనులో అమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"కూసింత సురుక్కుమందే. పేస్టు రాసీసినాం, దిష్టి తీసీసినాం. బొద్దుగా ఉంది కదా, వీధిలో కళ్లన్నీ దాని మీదే."

మూడో రోజుకి జ్వరం అందుకుంది. నేను పరుగున వెళ్లి, పిల్లనీ అమ్మనీ తీసుకుని తిరిగి రైలెక్కాను. ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎండి అట్టకట్టిన పేస్టుని కొంచెం కొంచెంగా తీస్తుంటే పిల్ల పెట్టిన కేకలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"జొల్ దెన్‌ని?"

నీళ్లు పోయలేదా అని. నేను అదే అమ్మని అడిగాను.

"నీల్లు పోస్తే బొబ్బలెక్కిపోవా ఏటి?" అంది అమ్మ.

ఆ మాట బెంగాలీలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేనూ అదే నమ్మేదాన్ని. బేసినుకి రెండడుగుల దూరంలో నిండు నీళ్ల కుండీ ఉంది. దాని పక్కన నిలబడి, నీళ్లు తగలకుండా పిల్ల చెయ్యి పట్టుకున్నారు మావాళ్లు. వెంటనే చల్లటి నీళ్లు ధారగా పోసి ఉంటే గాయం ఇంత లోతుకి దిగేది కాదేమో అంది డాక్టరమ్మ. ఇక మోచెయ్యి పూర్తిగా చాపుకోగలదో లేదో చెప్పలేనంది.

బయట బెంచీ మీద కూర్చుని అమ్మ "దాని గ్రహచారం" అని కళ్లొత్తుకుంది. గ్రహాలొచ్చి గుమ్మంలో బేసిను పెట్టాయా అని అడిగేశాను. కోపం ఆగలేదు. నా ఎడమ పిక్క మీదా అలాంటి మచ్చే ఉంది. అదే గుమ్మం, అదే గంజి. అప్పుడూ దిష్టే అన్నారు. ఆ మచ్చని రోజూ చూసుకుంటూ కూడా పిల్లని అక్కడికే పంపిన నన్ను నేను ఏమని తిట్టుకోవాలి?

తర్వాత ఊరెళ్లి అన్నయ్యతో పోట్లాడి, వంటింటి మూల నడుమెత్తున ఇటుకల గట్టు కట్టించాను, బేసిను దాని మీదే పెట్టాలని. ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతమా అన్నాడు. గట్టు లేవడానికి ఒక్క పూట పట్టింది.

రెండు ఆపరేషన్లయ్యాయి. రోజూ కసరత్తు చేయిస్తున్నాను, చెయ్యి ఇంకా పూర్తిగా చాపలేదు. మొన్న ఎదురింట్లోకి కొత్తగా దిగిన బెంగాలీ పిన్ని, కాకీమా అంటాం, ఆ చెయ్యి చూసి, ఏమైందమ్మా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నా కూతురు చెప్పేసింది.

"ఆమి దుష్టుమి కొరేఛిలామ్."

అల్లరి చేశానంట. ఏడుపు లేదు, సిగ్గు లేదు, పేరు అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఆ మాట దానికి ఎవరు నేర్పారో ఎవర్నీ అడగక్కర్లేదు. నా కాలి మచ్చ గురించి ఎవరడిగినా, ఇన్నేళ్లుగా పిల్ల ముందు నేను చెబుతున్న జవాబే అది.